మీ వెబ్‌సైట్‌ని ఒకసారి కళ్ళు మూసుకుని వినండి: చిన్న సైట్లని అందరూ వాడేలా చేసుకునే పద్ధతి

మాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడ ఒక పట్టు చీరల షాపు వాళ్ళకి నేను వెబ్‌సైట్ చేసిచ్చాను, ఫొటోలు అవీ బాగా కుదిరాయి, షావుకారు గారు కూడా తెగ సంతోషపడ్డారు. తర్వాత ఒక ఆదివారం మా మావయ్య ఇంటికొచ్చారు. ఆయనకి చూపు పోయి పదేళ్ళు దాటింది, స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకునే ఫోన్ మొత్తం వాడతారు, వాట్సాప్ గానీ డబ్బులు పంపడం గానీ రైలు టికెట్ గానీ ఎవర్నీ అడగరు. "అత్తకి పండక్కి చీర కొందాం, నువ్వు చేసిన సైటేదో పంపరా" అన్నారు. లింకు పంపాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, వేలితో కుడివైపుకి జరుపుకుంటూ పోయారు, ఫోనేమో "ఇమేజ్, ఐఎంజీ ట్వంటీ ట్వంటీఫోర్, బటన్, అన్‌లేబుల్డ్ బటన్, బటన్" అంటూ పోయింది.

"ఏటిరా ఇది, అన్నీ బటన్ బటన్ అంటాది, ఏది నొక్కితే ఏటవుద్దో నాకెలా తెలుస్తాది?"

కోప్పడి అనలేదు, మామూలుగానే అడిగారు. నలభై చీరలు పెట్టిన పేజీలో ఆయనకి ఒక్క చీర కూడా లేదు, అది నా చేతుల్తో నేను చేసిన పేజీ. ఆ రోజు చాలా బాధేసింది. ఆ తర్వాత రెండు నెలలు కూర్చుని నేర్చుకుని ఆ సైట్ మొత్తం సరిచేశాను, ఇప్పుడు ఏ సైట్ చేసినా ముందు నుంచీ ఇలాగే చేస్తున్నాను. షాపులకీ కోచింగ్ సెంటర్లకీ గుడి కమిటీలకీ వర్డ్‌ప్రెస్‌లోనో మామూలు హెచ్‌టీఎంఎల్‌లోనో సైట్లు చేసిపెట్టేవాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు, బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ఎక్కడ చూసినా ఉన్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

ముందు వినండి

ఏ టూలూ వద్దు, ఏ కోర్సూ వద్దు, మొదట మీ పేజీ వినండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకెళ్ళి యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ ఆన్ చేయండి, చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కిపడితే కూడా ఆన్ అవుతుంది, ఆపడానికీ అదే, ఈ షార్ట్‌కట్ ముందే సెట్ చేసుకోండి లేకపోతే ఆపడం తెలియక కంగారు పడతారు. ఆన్ అయ్యాక ఫోన్ వాడే తీరే మారిపోతుంది, ఒకసారి ముడితే చదువుతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు, వేలు కుడికి జరిపితే తర్వాతది, ఎడమకి జరిపితే ముందుది. మీ సైట్ తెరిచి, కళ్ళు మూసుకుని, మొదటి నుంచి కుడికి జరుపుకుంటూ వెళ్ళి ఒక వస్తువు ఆర్డర్ పెట్టడానికి ప్రయత్నించండి. పది నిమిషాలు చాలు. మీ సైట్‌లో ఏం తక్కువైందో ఎవరూ చెప్పక్కర్లేదు.

విండోస్ కంప్యూటర్లో అయితే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేసుకోండి, స్క్రీన్ రీడర్ అంటే స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఇది పూర్తిగా ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే ఆయన మొదలుపెట్టారు, జేమ్స్ టేతో కలిసి దాన్ని పెంచారు, ఇద్దరికీ చూపు లేదు. వేలకి వేలు పెట్టి స్క్రీన్ రీడర్ కొనలేని వాళ్ళ కోసం చేసిన పని అది, దాని మీద నాకు చాలా గౌరవం. వేసుకున్నాక పేజీ తెరిచి హెచ్ కొడితే ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కి వెళ్తుంది, కె కొడితే లింకులు, బి కొడితే బటన్లు, జి కొడితే బొమ్మలు, ఎఫ్ కొడితే ఫారంలో గళ్ళు. ఇన్సర్ట్ నొక్కి ఎఫ్ ఏడు కొడితే పేజీలో ఉన్న లింకులూ హెడింగులూ అన్నీ ఒక లిస్టుగా వస్తాయి. మాట ఆపాలంటే కంట్రోల్. ఇంత తెలిస్తే మొదలెట్టడానికి సరిపోద్ది.

హెచ్ కొట్టినప్పుడు ఏమీ రాకపోతే మీ పేజీలో హెడింగులు లేనట్టే. అక్షరాలు పెద్దవి చేసి బోల్డ్ పెడితే అది కంటికి హెడింగ్, చెవికి కాదు. ఎడిటర్లో హెడింగ్ అని ఎంచుకుని పెట్టాలి, పేజీకి ఒక పెద్ద హెడింగ్ ఒకటో నంబర్ది, దాని కింద రెండోవి, వాటి కింద మూడోవి, సైజు నచ్చలేదని రెండు నుంచి నాలుగుకి దూకొద్దు, సైజు కావాలంటే స్టైల్లో మార్చుకోండి. మావయ్య లాంటి వాళ్ళు పేజీ మొత్తం వినరు, మనం కళ్ళతో పైపైన చూసినట్టే వాళ్ళు హెడింగులు విని కావాల్సిన చోట ఆగుతారు.

అక్షరాలు అక్షరాలుగానే ఉండాలి

మన వైపు సైట్లలో నాకు కనిపించే అతి పెద్ద సమస్య ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. ఏ సమాచారమైనా పాంప్లెట్ చేయించి ఆ ఫొటోనే సైట్‌లో పెట్టేస్తారు. కోచింగ్ సెంటర్ ఫీజులు ఫొటో, డాక్టర్ గారు కూర్చునే టైమ్ ఫొటో, ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది కదా, అప్పుడు చూడండి, ఏ రోజు ఏం కార్యక్రమమో అన్నీ పోస్టర్ బొమ్మలోనే తిరుగుతాయి. స్క్రీన్ రీడర్‌కి ఆ పోస్టర్ అంతా "ఇమేజ్" అనే ఒక్క మాట. చూపు ఉన్నవాళ్ళకి కూడా ఫోన్‌లో జూమ్ చేస్తే మసకబారుతుంది, గూగుల్లో వెతికితే దొరకదు, ఫోన్ నంబర్ నొక్కితే కాల్ పోదు. పోస్టర్ పెట్టొద్దనను, పెట్టుకోండి, కానీ అందులో ఉన్న తారీఖూ టైమూ చోటూ ఫోన్ నంబరూ కింద టైప్ చేసి కూడా పెట్టండి.

రెండోది అనూ ఫాంట్ల గొడవ. డీటీపీ సెంటర్లో మేటర్ అనూలో కొట్టిస్తారు, అది యూనికోడ్ కాదు, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ తెలుగుగా గుర్తుపట్టే కోడ్ కాదు, ఇంగ్లీష్ అక్షరాల స్థానంలో తెలుగు అక్షరం బొమ్మ వేసిన ఫాంటు. ప్రింటుకి బాగానే ఉంటుంది. సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, ఆ ఫాంట్ కూడా సైట్‌లో ఎక్కించేస్తే కంటికి తెలుగు లాగే కనిపిస్తుంది కానీ స్క్రీన్ రీడర్ చదివేది ఆ వెనకున్న గుర్తులనే, ఒక్క ముక్క అర్థం కాదు. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులూ సున్నాలూ ఒకసారి మనిషి చదివి సరిచూడాలి, అక్కడ తప్పులు పడుతుంటాయి. ఒడియా మేటర్‌కి కూడా ఇదే, పాత ఒడియా ఫాంట్లలో కొట్టిందైతే మార్చుకునే పెట్టండి.

ఇంకోటి, తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసి పెట్టొద్దు. వాట్సాప్‌లో మనం మనం ఎలాగైనా రాసుకుంటాం, సైట్‌లో అలా పెడితే ఇంగ్లీష్ గొంతు దాన్ని ఇంగ్లీష్ మాటలనుకుని చదువుతుంది, మా మావయ్యకి వినిపించాను, రెండు లైన్లు విని ఫోన్ పక్కన పెట్టేశారు.

ఇదంతా చూపు లేనివాళ్ళ కోసమే అనుకోకండి. మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో మాట తెలుగు, చదువు ఒడియా. మా చెల్లెలు తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కోవాలి. దానికి ఫోన్‌లో సెలెక్ట్ టు స్పీక్ అనేది చూపించాను, స్క్రీన్ మీద ముక్క ఎంచుకుంటే చదివి వినిపిస్తుంది, ఇప్పుడు తెలుగు పేజీలన్నీ అది అలాగే వింటుంది. ఫొటోలో ఉన్న తెలుగైతే ఈ సౌకర్యం సరిగ్గా పనిచేస్తుందన్న నమ్మకం ఉండదు. అక్షరాలు అక్షరాలుగా ఉంటే మా మావయ్యకీ పనికొస్తాయి, మా చెల్లికీ పనికొస్తాయి.

ఏ ముక్క ఏ భాషో చెప్పాలి

మన సైట్లలో మూడు భాషలు కలిసే ఉంటాయి, ఇంగ్లీష్ మెనూ, తెలుగు వివరం, ఒడియాలో అడ్రస్. కంటికి ఇబ్బంది లేదు. స్క్రీన్ రీడర్‌కి మాత్రం ఏ గొంతుతో చదవాలో మనం చెప్పాలి. పేజీ మొదట్లో హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ (ఎల్, ఏ, ఎన్, జి) అని ఒక యాట్రిబ్యూట్ ఉంటుంది, తెలుగు పేజీ అయితే అందులో టి, ఈ అని రెండక్షరాలు, ఒడియా అయితే ఓ, ఆర్, ఇంగ్లీష్ అయితే ఈ, ఎన్. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్‌లో జనరల్‌లో సైట్ లాంగ్వేజ్ మారిస్తే అదే మారుతుంది. మనలో చాలామంది అమెరికా ఇంగ్లీష్ అలాగే వదిలేసి పేజీ నిండా తెలుగు రాస్తాం, అప్పుడు ఎన్‌వీడీఏ లాంటివి తెలుగు గొంతుకి మారవు, ఇంగ్లీష్ గొంతుతోనే తెలుగుని తంటాలు పడి చదువుతాయి, కొన్ని అక్షరాలు వదిలేస్తాయి కూడా.

తెలుగు పేజీ మధ్యలో ఒక పేరా ఒడియాలో ఉంటే ఆ పేరాకి విడిగా లాంగ్ పెట్టాలి. ప్రతి ఇంగ్లీష్ మాటకీ పెట్టక్కర్లేదు, బటన్, సైజు, స్టాక్ లాంటివి తెలుగు లిపిలో రాసేస్తే తెలుగు గొంతే హాయిగా చదివేస్తుంది. పైన భాష మార్చుకునే లింకులు పెట్టేటప్పుడు జెండాల బొమ్మలు వద్దు, తెలుగు అని తెలుగులో, ఒడియా అని ఒడియా లిపిలో రాయండి. వినేవాళ్ళ ఫోన్‌లో తెలుగు గొంతు లేకపోతే గూగుల్ స్పీచ్ సర్వీసెస్‌లో తెలుగు వాయిస్ డౌన్‌లోడ్ చేసుకోమని చెప్పండి, ఒక్కసారి చేసుకుంటే చాలు.

చీరకి మాట

ఫొటోకి వెనక ఆల్ట్ టెక్స్ట్ అని ఒక గడి ఉంటుంది, వర్డ్‌ప్రెస్‌లో ఫొటో ఎక్కించినప్పుడు పక్కనే కనిపిస్తుంది. అందులో రాసిందే స్క్రీన్ రీడర్ చదువుతుంది. నెట్ అందక ఫొటో రాకపోయినా ఆ మాటలే కనిపిస్తాయి, తప్తపాణి ఘాట్ వైపు బస్సులో వెళ్తూ ఫోన్ చూసేవాళ్ళకి ఇది ఎంత అవసరమో తెలుసు.

నేను మొదట అన్నిటికీ "పట్టు చీర" అని రాసి పడేశాను. నలభై ఫొటోలు, నలభై సార్లు పట్టు చీర. మావయ్య విని "మరి దీనికీ దానికీ తేడా ఏటిరా" అన్నారు. అప్పుడు షాపులో చీరలు మడతపెట్టే పిన్నిగారి పక్కన కూర్చుని, కొనడానికొచ్చిన వాళ్ళకి ఆవిడ ఎలా చెప్తారో విన్నాను. ఆవిడ చెప్పేదే నాకు కావాల్సింది. ఇప్పుడు ఒక చీరకి ఆల్ట్ ఇలా ఉంది: "బరంపురం పట్టు చీర, కుంకుమ ఎరుపు, రెండు అంచులకీ ఫొడా కుంభం, పల్లులో బంగారు జరీ చారలు". ఫొడా కుంభం అంటే గుడి గోపురాల వరసలా అంచు పొడవునా వచ్చే మన బరంపురం డిజైన్, దానికి జీఐ గుర్తింపు కూడా ఉంది. ఈ ఒక్క వాక్యం విన్నవాళ్ళకి చీర కళ్ళకి కడుతుంది. "చీర ఫొటో" అని మొదలుపెట్టొద్దు, ఫొటో అని స్క్రీన్ రీడరే చెప్తుంది. రేటూ స్టాకూ ఆల్ట్‌లో దూర్చొద్దు, అవి అందరికీ కనిపించేలా పక్కన రాయండి.

అందం కోసం పెట్టిన ముగ్గు గీతలూ నేపథ్యం బొమ్మలూ ఉంటాయి చూడండి, వాటికి ఆల్ట్ ఖాళీగా వదలాలి, అంటే యాట్రిబ్యూట్ ఉండాలి, లోపల ఏమీ ఉండకూడదు, అప్పుడు స్క్రీన్ రీడర్ దాన్ని దాటేస్తుంది. యాట్రిబ్యూటే తీసేస్తే మాత్రం ఫైల్ పేరు చదవడం మొదలెడుతుంది. ఫొటోకే లింకు తగిలించి ఉంటే ఆ ఫొటో నొక్కితే ఎక్కడికి వెళ్తామో అదే ఆల్ట్.

బటన్లు, లింకులు, కీబోర్డు

ఆ బటన్ బటన్ గోల ఎందుకొచ్చిందంటే, బుట్ట బొమ్మ, గుండె బొమ్మ, వెతికే అద్దం బొమ్మ, మెనూకి మూడు గీతలు, వీటన్నిటికీ ఐకాన్ ఉంది కానీ పేరు లేదు. ఐకాన్ పక్కన మాట కూడా రాసేస్తే అన్నిటికన్నా మంచిది, "బుట్టలో వేయి", "వెతుకు" అని, మా అమ్మ వయసు వాళ్ళకి ఆ మూడు గీతలు మెనూ అని ఎవరు చెప్పారు? చోటు లేదంటే అప్పుడు ఏరియా లేబుల్ (ఏ, ఆర్, ఐ, ఏ అక్షరాల ఏరియా) అనే యాట్రిబ్యూట్‌లో పేరు పెట్టండి, అది కంటికి కనపడదు, స్క్రీన్ రీడర్ చదువుతుంది. ఏరియా అనేది ఆఖరి మందు, మామూలు హెచ్‌టీఎంఎల్ బటన్‌తో పని జరిగేచోట దాన్ని వాడక్కర్లేదు. నేను డివ్‌కి క్లిక్ తగిలించి బటన్‌లా రంగు వేసేవాణ్ణి, అది కీబోర్డుకి అందదు, స్క్రీన్ రీడర్‌కి బటన్ అని తెలియదు. బటన్‌కి బటన్ ట్యాగ్, వేరే పేజీకి వెళ్ళేదానికి లింక్ ట్యాగ్, ఈ ఒక్కటి పాటిస్తే సగం తిప్పలు పోతాయి.

లింకుల్లో "ఇక్కడ క్లిక్ చేయండి" అని రాస్తుంటాం. ఇందాక చెప్పిన లిస్టులో లింకులు విడిగా వింటే "ఇక్కడ క్లిక్ చేయండి" పదిహేను సార్లు వినిపిస్తుంది. "జూలై బ్యాచ్ ఫీజుల వివరం", "వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టండి" అని రాయండి.

తర్వాత మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీ ఒక్కటే నొక్కుతూ సైట్ మొత్తం తిరగండి, షిఫ్ట్ ట్యాబ్‌తో వెనక్కి, ఎంటర్‌తో లోపలికి. చేతులు వణికేవాళ్ళు, మౌస్ పట్టుకోలేనివాళ్ళు ఇలాగే వాడతారు. ఎక్కడున్నామో చూపించే గీత ఒకటి బటన్ చుట్టూ రావాలి. చాలా థీముల్లో అందంగా లేదని అవుట్‌లైన్ నన్ అని రాసి దాన్ని తీసేస్తారు, అది చీకట్లో నడవమనడమే. ఆ లైన్ వెతికి తీసేయండి, లేదా మీకు నచ్చిన రంగులో మందంగా గీత పెట్టుకోండి. పాప్‌అప్ తెరుచుకుంటే ట్యాబ్ అందులోకి వెళ్ళాలి, ఎస్కేప్ కొడితే మూసుకోవాలి, మూసుకున్నాక ముందున్న చోటికే రావాలి. పేజీ మొదట్లో "నేరుగా విషయానికి వెళ్ళండి" అని ఒక లింకు పెడితే ప్రతి పేజీలో ఇరవై మెనూ ఐటెమ్‌లు దాటే శ్రమ తప్పుతుంది.

ఫారం దగ్గరే జనం వెనక్కి పోతారు

ఆర్డర్ ఫారం దగ్గర నేను చేసిన తప్పులు ఒకటి కాదు. గడి లోపలే బూడిద రంగులో "మీ పేరు" అని రాసి పైన లేబుల్ పెట్టలేదు. టైప్ చేయడం మొదలెట్టగానే ఆ మాట మాయం, మధ్యలో ఫోన్ వచ్చి మళ్ళీ వచ్చి చూస్తే ఏ గడిలో ఏం రాయాలో తెలియదు, మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళకి మరీ కష్టం. ప్రతి గడికీ పైన ఎప్పుడూ కనిపించే లేబుల్ ఉండాలి, ఆ లేబుల్‌నీ గడినీ ఫర్, ఐడీ అనే యాట్రిబ్యూట్లతో కలపాలి, అప్పుడు గడిలోకి వెళ్ళగానే "పిన్‌కోడ్, ఎడిట్" అని పేరు పలుకుతుంది.

తప్పు పడితే గడి చుట్టూ ఎర్ర గీత ఒక్కటే పెడితే సరిపోదు. మాటల్లో చెప్పాలి, ఆ గడి పక్కనే చెప్పాలి, ఎలా సరిచేయాలో కూడా చెప్పాలి. "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అంటే ఎవరికి అర్థమవుతుంది, "పిన్‌కోడ్ ఆరు అంకెలు ఉండాలి, ఉదాహరణకి 760001" అనండి. ఆ మెసేజ్ గడికి ఏరియా డిస్క్రైబ్డ్‌బైతో తగిలిస్తే వినేవాళ్ళకీ వినిపిస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట, తప్పు పడగానే అప్పటిదాకా కొట్టిందంతా చెరిపేసే ఫారాలు ఉన్నాయి, దయచేసి అలా చేయొద్దు, పది నిమిషాలు కష్టపడి కొట్టినవాళ్ళు మళ్ళీ రారు.

పేరు గడిలో "అక్షరాలు మాత్రమే" అని రూల్ పెడతాం కదా, దాంట్లో ఒక చిక్కుంది, ఇది కనిపెట్టడానికి నాకు ఒక పూట పట్టింది. యూనికోడ్ లెక్కలో క అనేది అక్షరం, కానీ కి లో ఉన్న గుడి అక్షరం కాదు, మార్క్ అని వేరే వర్గం. అక్షరాలు మాత్రమే అంటే తెలుగులో గుణింతాలన్నీ, పొల్లు కూడా బయటికి పోతాయి. ఒక అక్క తన పేరు తెలుగులో కొడితే "స్పెషల్ క్యారెక్టర్లు వాడొద్దు" అని వచ్చింది, అందులో అక్షరాలు తప్ప ఏమీ లేవు. రూల్‌లో మార్క్ వర్గాన్ని కూడా ఒప్పుకోండి, లేదంటే పేరుకి అసలు రూలే వద్దు, ఒక్క అక్షరం ఇంటిపేరు ఉన్నవాళ్ళూ, ఇంటిపేరే రాయనివాళ్ళూ మనలో ఉన్నారు.

ఓటీపీ గడిలో పేస్ట్ చేయనివ్వండి, పాస్‌వర్డ్ గడిలో కూడా. వంకర అక్షరాల బొమ్మ చూసి కొట్టమనే క్యాప్చా పెట్టొద్దు, చిన్న సైట్‌కి మనుషులకి కనిపించకుండా స్పామ్ ప్రోగ్రాములు మాత్రమే నింపేసే హనీపాట్ గడి ఒకటి పెడితే స్పామ్ చాలా వరకూ ఆగుతుంది. టైమ్ అయిపోతుంటే ముందే చెప్పి, ఇంకొంచెం సమయం తీసుకునే బటన్ ఇవ్వండి. స్క్రీన్ రీడర్‌తో ఫారం నింపడానికి మనకన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది.

రంగులు, ఒత్తులు

రంగుల విషయంలో అంచనాలు వద్దు, లెక్క ఉంది. డబ్ల్యూసీఏజీ అని సైట్లు అందరూ వాడేలా ఉండడానికి ప్రపంచమంతా పాటించే ప్రమాణం, దాని 2.0 వెర్షన్ 2008లో, 2.1 2018లో, 2.2 2023 అక్టోబర్లో వచ్చాయి. దాని ఏఏ స్థాయి ప్రకారం మామూలు అక్షరానికీ వెనక రంగుకీ కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3 చాలు. తెలుపు మీద నలుపు 21. తెలుపు మీద 777777 నంబర్ బూడిద రంగు 4.48, కొంచెంలో తప్పింది, 767676 అయితే నెగ్గుతుంది. 999999 అయితే మూడు కూడా రాదు, మన టెంప్లేట్లలో సగం చిన్న అక్షరాలు ఆ రంగులోనే ఉంటాయి. చీరల షాపులకి బంగారు రంగు మీద మోజు ఎక్కువ, సీఎస్‌ఎస్‌లో గోల్డ్ అనే రంగుని తెలుపు మీద వేస్తే 1.4, ఎండలో నిలబడి చూస్తే మంచి చూపున్న వాళ్ళకీ కనపడదు. అదే గోల్డ్‌ని మెరూన్ మీద వేయండి, 7.8 వస్తుంది, షావుకారు గారికి నచ్చింది కూడా అదే. ఎర్ర చుక్క ఉంటే స్టాక్ లేనట్టు, ఆకుపచ్చ చుక్క ఉంటే ఉన్నట్టు అని పెట్టొద్దు, "స్టాక్ లేదు" అని మాట రాయండి, ఆ రెండు రంగులకీ తేడా తెలియని మగవాళ్ళు చాలామంది ఉంటారు.

తెలుగుకి ఇంకో సంగతి. ఇంగ్లీష్ కోసం చేసిన థీముల్లో లైన్ ఎత్తు 1.2 ఉంటుంది, అందులో తెలుగు పెడితే పై లైన్ ఒత్తులు కింది లైన్ గుడులకి తగులుతాయి. 1.6 నుంచి 1.8 దాకా పెట్టండి. బటన్లకి ఎత్తు కట్టేసి ఓవర్‌ఫ్లో హిడెన్ రాసి ఉంటే "స్త్రీల దుస్తులు" లో కింద ఉన్న ఒత్తులన్నీ తెగిపోతాయి, నేను ఏ థీమ్ తీసుకున్నా ముందు "రాష్ట్రం", "స్వాతంత్ర్యం", "లక్ష్మి" ఈ మూడు మాటలు బటన్ మీద పెట్టి చూస్తాను. లెటర్ స్పేసింగ్ తెలుగుకీ ఒడియాకీ సున్నా చేసేయండి. అక్షరం 18 పిక్సెళ్ళు ఉంటే ఒత్తులు కనిపిస్తాయి, 14 అంటే ఇంగ్లీష్‌కి ఫర్వాలేదేమో గానీ మనకి చాలదు.

ఫోన్‌లో జూమ్ ఆపేసే సెట్టింగ్ వ్యూపోర్ట్ ట్యాగ్‌లో ఉంటుంది, యూజర్ స్కేలబుల్ నో అని, మ్యాగ్జిమం స్కేల్ ఒకటి అని, ఆ రెండూ తీసేయండి. కంప్యూటర్లో కంట్రోల్ ప్లస్ కొడుతూ 200 శాతం, తర్వాత 400 శాతం పెంచి చూడండి, పక్కకి జరపకుండా కిందికి మాత్రమే జరుపుతూ చదవగలగాలి. నొక్కే బటన్లు కనీసం 24 పిక్సెళ్ళ చదరం ఉండాలని డబ్ల్యూసీఏజీ 2.2 చెప్తుంది, నేను 44 పెడతాను, ఏళ్ళ తరబడి మగ్గం మీద పనిచేసి వేళ్ళు మొద్దుబారిన పెద్దవాళ్ళు మా ఊళ్ళో ఇంటికొకరు ఉన్నారు.

పరిగెత్తే అక్షరాలు

స్క్రోలింగ్ నోటీసు, తిరిగే స్లైడర్, ఇవి రెండూ తీసేయమనే చెప్తాను. వాటంతటవే మొదలై అయిదు సెకన్లకి మించి కదిలేదానికి ఆపే బటన్ ఉండి తీరాలి. నెమ్మదిగా చదివేవాళ్ళు ఒక ముక్క చదివేలోపు అది వెళ్ళిపోతుంది. వీడియో పెడితే తెలుగు క్యాప్షన్ పెట్టండి, యూట్యూబ్ దానంతటది వేసే అక్షరాల్లో ఊళ్ళ పేర్లూ చీరల పేర్లూ తప్పులు పోతాయి, మనమే సరిదిద్దాలి. వాటంతటవే పాటలు మోగించే పేజీలు వద్దే వద్దు, ఆ పాట కింద స్క్రీన్ రీడర్ గొంతు వినపడదు.

టూల్స్, చట్టం, ఎక్కడ మొదలెట్టాలి

సైట్‌లో ఇలాంటి తప్పులు వెతికి చూపించే టూల్స్ ఉన్నాయి, వేవ్, యాక్స్, క్రోమ్‌లో ఉండే లైట్‌హౌస్, ఇవన్నీ ఉచితం, వాడండి. కానీ లైట్‌హౌస్ నూటికి నూరు ఇచ్చిందని ఆగిపోవద్దు, ఆల్ట్ ఉందా లేదా అని అది చూడగలదు, నలభై చీరలకీ ఒకే మాట రాశారని చెప్పలేదు. ఒక్క లైన్ కోడ్ పెడితే సైట్ మొత్తం సరైపోతుందని అమ్మే విడ్జెట్లు ఉన్నాయి, డబ్బులు పోగొట్టుకోకండి. అలా చెప్పుకున్న ఒక కంపెనీని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2025 జనవరిలో పది లక్షల డాలర్లు కట్టమంది.

వెబ్‌ఎయిమ్ అనే సంస్థ వాళ్ళు ఏటా పది లక్షల హోమ్ పేజీలు పరీక్ష చేస్తారు, 2025లో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి, అందులో దాదాపు అన్నీ ఆరే రకాలు: చాలని కాంట్రాస్ట్, ఆల్ట్ లేకపోవడం, గళ్ళకి లేబుల్ లేకపోవడం, పేరు లేని లింకులు, పేరు లేని బటన్లు, పేజీ భాష చెప్పకపోవడం. చేతిలో ఒక్క రోజే ఉంటే ఈ ఆరూ చేసేయండి.

కస్టమర్ "ఇదంతా ఎందుకు బాబూ, ఎవరొస్తారు" అంటే చెప్పడానికి మాట ఉంది. 2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో 2.68 కోట్ల మందిని వికలాంగులుగా లెక్కేశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు వాళ్ళకీ వర్తిస్తుంది. ఫోన్‌లో కేవైసీ చేయడానికి కనురెప్ప ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులూ, చూపు లేని ఒకాయనా వేసిన కేసుల్లో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. నేను మాత్రం చట్టం కన్నా ముందు టాక్‌బ్యాక్ ఆన్ చేసి కస్టమర్ చేతికే ఫోన్ ఇస్తాను, వాళ్ళ సైట్ వాళ్ళనే వినమంటాను.

సైట్ ఇచ్చేసి వచ్చాక ఆర్నెల్లకి మళ్ళీ మొదటికొస్తుంది, ఎందుకంటే రోజూ కొత్త చీరలు ఎక్కించేది నేను కాదు, షాపులో కుర్రాడు. అందుకని వాడి పక్కన ఒక పూట కూర్చున్నాను, టాక్‌బ్యాక్ వినిపించాను, కంప్యూటర్ పక్కన గోడకి ఒక కాగితం అంటించాను. అందులో ఇంతే ఉంది: ఫొటో ఎక్కిస్తే రంగు, అంచు, పల్లు మూడూ ఆల్ట్‌లో రాయి. పోస్టర్ పెడితే అందులో ఉన్నదంతా కింద టైప్ చేయి. తెలుగు తెలుగులోనే కొట్టు. రాయడం రాకపోతే పిన్నిగారిని అడుగు, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయి. పోయిన నెల మావయ్య ఆ సైట్‌లోంచే ఆకుపచ్చ చీర ఒకటి ఆర్డర్ పెట్టారు, పార్శిల్ విప్పి అత్త అంచు పట్టుకుని చూస్తుంటే "ఫొడా కుంభమేనా?" అని అడిగారు, అవునంది.